గోడ పని అన్నారని గోడ మానేస్తావా?

ప్రశ్న: మాస్టారూ, మాది విజయనగరం. నాకు 35 ఏళ్ళు. నాన్న బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక కొట్టు మూసేశాం. నేను బడి గోడలు, ఆఫీసుల ప్రహరీలు, స్వచ్ఛ సర్వేక్షణ్ బొమ్మలు వేసి ఇల్లు నడుపుతున్నాను. రాత్రిళ్ళు కాన్వాస్ మీద వేసుకుంటాను. ఆ మధ్య దసరా ముందు వారంలో, వానల్లోనే, ఒక ప్రహరీ మీద మా పైడితల్లి అమ్మవారి పండగ సిరిమాను బొమ్మ వేశాను. సంక్రాంతికల్లా కింద నుంచి పెచ్చులు లేచిపోయింది. తర్వాత ఎవరో దానిమీద సున్నం కొట్టించి వేరే రాతలు రాయించారు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. విశాఖలో ఒక గ్యాలరీ ఆయనకు ఫోన్‌లో నా బొమ్మలు చూపిస్తే 'ఇదంతా గోడ పని అండీ' అని ఫోన్ తిరిగి ఇచ్చేశారు. గోడలు మానేసి కాన్వాస్ మీదే కూర్చోనా? హైదరాబాద్ వెళ్ళిపోనా? సవర గిరిజనుల బొమ్మలు వెయ్యి, బాగా పోతున్నాయి అని ఒకాయన చెవిలో పోరు పెడుతున్నాడు. ఇంట్లో మా ఆవిడేమో 'నెలకి ఎంత వస్తుందో ఒక్కసారైనా చెప్పగలవా' అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా పని ఫోటోలు పంపుతున్నాను, చూసి చెప్పండి.
— ఒక పెయింటర్, విజయనగరం

జవాబు: తమ్ముడూ, ఫోటోలన్నీ చూశాను. గోడలు పది, కాన్వాసులు ఆరు. వాటి మధ్యలో పొరపాటున వచ్చిందేమో, టీ కొట్టు రేకు బోర్డు ఒకటి ఉంది. పసుపు మీద ఎర్ర అక్షరాలు, కుడిపక్క నల్ల షేడ్. 'శ్రీ లక్ష్మీ' అన్నచోట ఒత్తులు కింది వరసలోకి దిగిపోకుండా అక్షరాన్నే కాస్త పైకి లేపి సర్దిన తీరు చూసి ముచ్చటేసింది. అది నువ్వు రాశావో మీ నాన్నగారు రాశారో చెప్పలేదు. నువ్వు పంపినవాటిలో నేను ఎక్కువసేపు చూసింది మాత్రం ఆ బోర్డునే.

కాన్వాసుల సంగతి కొంచెం నిష్ఠూరంగానే చెప్పాలి. బిందెలు మోసే ఆడవాళ్ళు మూడు, రాధాకృష్ణులు ఒకటి, ఎద్దుల బండి ఒకటి, సూర్యాస్తమయం ఒకటి. చెయ్యి తిరిగినవాడివే. రంగు ఎక్కడా మురికి కాలేదు. అయినా ఆ ఆరింటినీ 'గ్యాలరీల్లో ఇలాంటివే కదా ఉంటాయి' అనుకుని వేసినట్టున్నావు. ఉత్తరాంధ్ర పల్లె ఆడమనిషి కట్టునూ నడకనూ బొమ్మలోకి తెచ్చినవారు అంట్యాకుల పైడిరాజు గారు. బొబ్బిలిలో పుట్టి, మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకుని, మీ విజయనగరంలోనే పిల్లలకు బొమ్మలు నేర్పారు. ఆయన మనుషుల్ని చూసి వేశారు. తర్వాతి వాళ్ళలో చాలామంది ఆయన బొమ్మల్ని చూసి వేశారు. నీ బిందెల్లో నీళ్ళున్నట్టు నాకు అనిపించలేదు. ఆ మెడ మీద బరువు లేదు.

గోడల్లో అలా లేదు. బడి గోడ మీద నువ్వు వేసిన అంకెల పట్టికలో కూడా 'ఎనిమిది' అన్న మాట అక్షరాలు చూస్తే అది బోర్డు రాసే ఇంట్లో పుట్టిన చెయ్యి అని తెలిసిపోతోంది. ఈ చెయ్యిని కాన్వాస్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు దాచేస్తున్నావు? ఫ్లెక్సీ వచ్చి మీ కొట్టు మూయించింది కాబట్టి అది ఓడిపోయిన పని అనుకుంటున్నావేమో. మన జిల్లాల్లో ఒక తరం ఊళ్ళ పేర్లు, సినిమా హాళ్ళు, సోడా బండ్లు, లారీల వెనక రాతలు, ఎన్నికల గోడలు అన్నీ మీ నాన్నగారి లాంటివాళ్ళ చేతుల మీదుగానే నడిచాయి. సుద్ద పూసిన దారంతో గీత కొట్టడం, ముందు అక్షరాలు లెక్కపెట్టుకుని జాగా పంచుకోవడం, ఫ్లాట్ బ్రష్‌ను ఒక్క ఊపున తిప్పి తలకట్టు పెట్టడం ఆర్ట్ కాలేజీలో నేర్పరు. నీకు ఇంట్లోనే వచ్చింది. దాన్ని వదిలి, కాలేజీ కుర్రాళ్ళకు నీకన్నా బాగా వచ్చినదాన్ని పట్టుకుని పోటీకి వెళ్తున్నావు.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకు నా జవాబు, గోడ మానకు. గోడ మీద నీకు వచ్చినదాన్ని కాన్వాస్ మీదికి తీసుకురా. మూసేసిన కొట్ల బోర్డులు వెయ్యి. సగం వెలిసిన బోర్డు, దానిమీద సగం చిరిగిన ఫ్లెక్సీ, ఆ సందులోంచి కనిపిస్తున్న ఒక 'ఆర్ట్స్' సంతకం. గంటస్తంభం చుట్టూ, మూడు లాంతర్ల దగ్గర, కోట జంక్షన్‌లో ఇంకా మిగిలిన చేతిరాత బోర్డులు వెతుక్కుంటూ ఒక వారం తిరుగు. నెల్లిమర్ల వైపు వెళ్తే మిల్లు గోడలుంటాయి. సిరిమానే వెయ్యాలనుకుంటే, మాను చివర కూర్చున్న పూజారిని పోస్టుకార్డులో ఉన్నట్టు మళ్ళీ వెయ్యకు. తాళ్ళు పట్టి లాగేవాళ్ళ చేతులున్నాయి, బెస్తవారి వల ఉంది, మేడ మీద నుంచి అరటిపండు విసిరే ముసలమ్మ ఉంది. నేను చెప్పినవే వెయ్యాలని లేదు. నువ్వు పట్టుకున్నది ఒక్కటై ఉండాలి, అది నీకు బాగా తెలిసినదై ఉండాలి.

గ్యాలరీ ఆయన అన్న మాటకు అంత కుంగిపోనక్కర్లేదు. ఆయన సరిగ్గా చెప్పలేదు, అంతే. గ్యాలరీవాళ్ళు ఒక మంచి బొమ్మ చూసి గోడ ఇవ్వరు. ఒకే విషయాన్ని పట్టుకుని వేసిన పన్నెండో పదిహేనో బొమ్మలు చూపిస్తే, ఈ మనిషి దేని వెంట పడ్డాడో వాళ్ళకు అర్థమవుతుంది. నువ్వు చూపించింది కాలువ, కరెంటు స్తంభం, ఎవరిదో మోటార్‌సైకిల్ అన్నీ కలిసి పడిన గోడ ఫోటోలు, వాటి పక్కన రాధాకృష్ణులు. ఆయన స్థానంలో నేనున్నా తికమకపడేవాణ్ణి. ఇక గోడ పని తక్కువ అన్న మాటకొస్తే, ఎం.ఎఫ్. హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్ట పోసుకున్నవారే. మా శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు. ఆయన బొమ్మ చూడ్డానికి తెలుగువాళ్ళు గ్యాలరీ మెట్లు ఎక్కనక్కర్లేకపోయింది, చందమామ అట్ట మీద అదే ఇంటికి వచ్చింది.

ఇప్పుడు పెచ్చులు లేచిన గోడ. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇందులో సగం తప్పు రుతువుది, సగం తొందరది. అమ్మవారి పండగ విజయదశమి తర్వాతి మంగళవారం. ఆర్డర్ ఇచ్చేవాళ్ళకు బొమ్మ గుర్తొచ్చేది దసరా ముందు. అప్పటికి గోడ నాలుగు నెలల వాన తాగి ఉంటుంది. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. మనకు రంగు వెయ్యమని చెప్పే రోజులు సరిగ్గా తుపాన్ల రోజులు. గోడ ఆరిందో లేదో చేత్తో తడిమి చెప్పలేం. అడుగు చదరం పాలిథీన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో గట్టిగా అంటించి ఒక రోజు వదిలెయ్యి. తీసినప్పుడు లోపలివైపు చెమట పట్టి ఉంటే ఆ గోడ మీద రంగు నిలవదు. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి. పాత సున్నం గోడ అయితే సున్నాన్ని గీకించాలి, పొడి రాలే సున్నం మీద ఎమల్షన్ పట్టుకోదు, సున్నంతో సహా ఊడి వస్తుంది. నీ ఫోటోలో ఊడినచోట తెల్లటి పిండిలా కనిపిస్తోందే, అది నేలలోంచి చెమ్మతో పాటు ఎక్కిన ఉప్పు. దానికి మందు రంగులో లేదు. కింద అడుగు, అడుగున్నర ఎత్తు బొమ్మ లేకుండా ముదురు పట్టీ వదిలెయ్యి. పాడైనా ఆ పట్టీ ఒక్కటీ మళ్ళీ కొట్టుకోవచ్చు, బొమ్మ కాళ్ళు పోవు.

రంగుల్లో కూడా చూసుకో. ఎండ పడమటి నుంచి కొట్టే గోడ మీద గులాబీ, నిమ్మపసుపు లాంటివి ముందు వెలిసిపోతాయి. కావి, ఎర్రమన్ను, పసుపుమన్ను రంగులు చాలాకాలం నిలుస్తాయి. నువ్వు పట్టుచీరలకు వాడిన ఆ మెరిసే గులాబీని ఇంట్లో కాన్వాస్ కోసం దాచుకో. అసలు గోడలకు మంచి కాలం సంక్రాంతి తర్వాత నుంచి ఎండలు ముదిరేలోపు. 'దసరాకే కావాలి' అని పట్టుబడితే వేసవిలోనే గోడ గీకించి, పుట్టీ, ప్రైమర్ వేయించి ఉంచమను. ఒప్పుకోకపోతే గోడ నిలవదని కాగితం మీద రాసిచ్చి పని మొదలుపెట్టు. తర్వాత నీ పేరు చెడదు.

కాగితం అన్నాను కదా. నీ ఉత్తరంలో రేటు ఎలా మాట్లాడుకున్నావో ఎక్కడా లేదు. చదరపు అడుగుకు ఇంత అని నోటిమాట మీద ఒప్పుకుంటున్నావని నా అనుమానం. 40 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ అంటే 400 చదరపు అడుగులు. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలకు లీటరుకు 50, 60 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి కింద పరుపు రంగుకే ఏడెనిమిది లీటర్లు కావాలి. పుట్టీ, ప్రైమర్, పరంజా అద్దె, ఎక్కే మనిషి కూలి, నువ్వు డిజైన్ గీసిన రోజులు వేరు. ఇవన్నీ అడుగు రేటులో కలిపేసుకుంటే చివరికి నీ చేతికి మిగిలేది తాపీ కూలి కన్నా తక్కువ. గోడ సిద్ధం చేసే ఖర్చు ఒకటి, డిజైన్ ఒకటి, వేసిన కూలి ఒకటి, మూడు వరసల్లో రాసి కొటేషన్ ఇవ్వు. రంగులు కొనే డబ్బు ముందు తీసుకో. కాంట్రాక్టరు కింద చేస్తుంటే మరీ ముఖ్యం, ఆయనకు బిల్లు ఎప్పుడొస్తుందన్నది నీ సమస్య కాకూడదు.

సున్నం కొట్టేసిన సంగతి. 1957 కాపీరైట్ చట్టంలో నీకు పనికొచ్చేవి రెండున్నాయి, ఒకటి నీకు నచ్చదు. 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి అడిగి వేయించుకున్న పెయింటింగుకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్ళే. రేపు నీ సిరిమాను బొమ్మను క్యాలెండర్ మీద వేసుకున్నా నువ్వు డబ్బు అడగలేకపోవచ్చు. అందుకే పని ఒప్పుకునే కాగితంలో 'కాపీరైట్ ఆర్టిస్టుదే' అని ఒక్క వాక్యం రాయించుకో. రెండోది 57వ సెక్షన్. హక్కులు అమ్మేసినా సరే, అది నీ పని అని చెప్పుకునే హక్కు, నీ పరువు పోయేలా బొమ్మను పాడుచేస్తే అడిగే హక్కు నీకే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి స్టోర్లో పడేశారు. మిగిలినదాన్ని ఆయనకు తిరిగి ఇచ్చి 5 లక్షల పరిహారం కట్టాలని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఎప్పుడు? 2005లో. కాబట్టి కోర్టు మాట మర్చిపో. బొమ్మ తీసేముందు నెల రోజులు ముందుగా చెప్పాలి అన్న మాట కూడా ఆ కాగితంలోనే పెట్టు. పెద్ద ఆఫీసులు ఒప్పుకోవు. బడులు, ఆసుపత్రులు, హోటళ్ళు ఒప్పుకుంటాయి. ఒప్పుకోనిచోట కనీసం కింది మూల సంతకం, ఫోన్ నంబరు ఉండనివ్వమను. అది కూడా కుదరదంటే ఆ రేటుకు ఇంకో పావు కలుపు.

పూర్తయిన రోజే ఫోటో తీసుకో. తెల్లారి, నీడ పడకముందు, గోడకు ఎదురుగా నిలబడి, బండ్లు పక్కకు పెట్టించి తియ్యి. ఇంకో ఇద్దరు మనుషులు గోడ పక్కన నడుస్తుండగా ఒకటి, సైజు తెలియడానికి. శాంతినికేతన్ కళాభవన్ గోడల మీద నలుపు తెలుపుల్లో తాను వేసిన బొమ్మలనే కె.జి. సుబ్రమణ్యన్ గారు ఎనభై దాటాక పరంజా ఎక్కి మళ్ళీ వేశారు. గోడ బొమ్మకు ఆయుష్షు ఇంతేనని ఆయనకూ తెలుసు. నీ దగ్గర ఫోటో, అసలు డిజైన్ ఉంటే పోయింది గోడే.

హైదరాబాద్ వద్దు. అక్కడ మక్తాలో 2016లో, వీధి గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా సంస్థవాళ్ళు బస్తీ ఇళ్ళ గోడలను బొమ్మలతో నింపారు, ఒకసారి వెళ్ళి చూడు, కళ్ళు తెరుచుకుంటాయి. అక్కడ వేసినవాళ్ళలో చాలామంది పిలిస్తే వచ్చి వేసి వెళ్ళినవాళ్ళు. ఆ గోడలు చూసి ఇల్లు అద్దెకు తీసుకోకు. అదే రైలు ఖర్చుతో మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ కూడా చూసి రా. నీకు దగ్గర విశాఖ, గంటా గంటన్నర ప్రయాణం. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగం పిల్లలు పని ప్రదర్శించినప్పుడల్లా వెళ్ళు, పరిచయం చేసుకో. వాళ్ళకు పరంజా మీద పని రాదు, నీకు గ్రూప్ షో పెట్టడం రాదు. లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనకు ఎంట్రీలు పిలుస్తుంది, డిగ్రీ లేదని ఆగకు, ప్రకటన వచ్చినప్పుడు చదివి పంపు.

గ్యాలరీలో బొమ్మ పెడితే 30 నుంచి 50 శాతం వరకు కమిషన్ పోతుంది. ఫ్రేము, రవాణా సాధారణంగా నీవే. ఇచ్చేటప్పుడు ఏ బొమ్మ, ఎంత సైజు, ఏ ధర, అమ్ముడుపోకపోతే ఏ తేదీకి వెనక్కి అని జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఒక్కటి గట్టిగా చెబుతాను. గ్యాలరీలో 20 వేలు పెట్టిన బొమ్మను ఇంటికొచ్చినవాడికి 8 వేలకు ఇవ్వకు. ఈ మాట ఎలాగో పాకిపోతుంది, ఆ తర్వాత ఆ తలుపు నీకు తెరుచుకోదు.

సవర బొమ్మలు వెయ్యమంటున్న ఆయన మాట మాత్రం వినకు. సీతంపేట కొండల్లో సవరలు ఇంటి లోపలి గోడకు ఎర్రమన్ను పూసి బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మ అలంకారం కాదు. ఇంట్లో జబ్బో కష్టమో వస్తే, పోయిన పెద్దల కోసం, దేవతల కోసం, దాన్ని వెయ్యగలిగిన మనిషిని పిలిచి తంతుతో వేయిస్తారు. అందులోని గుర్రం, సూర్యుడు, మెట్లెక్కే మనుషులు ఎవరెవరో ఆ ఇంటివాళ్ళకు తెలుసు, నీకూ నాకూ తెలియదు. కాగితం మీద, గుడ్డ మీద వేసి అమ్ముతున్న సవర కళాకారులే ఉన్నారు. వాళ్ళ కూడు అది. నీకు సవర గోడ ఆర్డర్ వస్తే కాదనకు, వాళ్ళలో ఇద్దరిని పిలిపించు. గోడ సిద్ధం చెయ్యడం, పరంజా, రంగులు, బిల్లు వసూలు నువ్వు చూసుకో. బొమ్మ వాళ్ళు వేస్తారు, సంతకం వాళ్ళది. డబ్బులు ముందే పంచుకోండి. నిన్ను తొందరపెడుతున్న ఆయనకు ఈ పద్ధతి నచ్చకపోతే, ఆయనకు కావాల్సింది తక్కువ ధర అని తెలిసిపోతుంది.

మీ ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. నెలకు ఎంత వస్తుందో చెప్పలేవు, ఈ పనిలో ఎవరూ చెప్పలేరు. కానీ గడిచిన పన్నెండు నెలల్లో ఎంత వచ్చింది, రంగులకు ఎంత పోయింది, ఎవరి దగ్గర ఎంత ఆగిపోయింది అన్నది చెప్పొచ్చు. అది కూడా చెప్పకపోతే ఆవిడకు భయం వెయ్యదా? ఈ ఆదివారం పాత బిల్లులు, ఫోన్‌పే లెక్కలు ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చుని రాయండి. పన్నెండుతో భాగిస్తే వచ్చేది ఇంటి ఖర్చుకు సరిపోతే, నెలలో ఒక వారం ఏ ఆర్డరూ ఒప్పుకోకుండా కాన్వాస్‌కు ఉంచుకో. సరిపోకపోతే ముందు అడుగు రేటు పెంచు, వారం సంగతి తర్వాత చూద్దాం. బోర్డుల బొమ్మలు నాలుగైదు అయ్యాక ఫోటోలు పంపు. ఆ టీ కొట్టు బోర్డు ఎవరు రాశారో కూడా రాయి.